మైదానంలో ఉప్పు బావి

కొబ్బరి పీచు చాప తడిస్తే వచ్చే వాసన ఇలా ఉంటుందని చెప్పడం కష్టం. ఎండిన గడ్డి మీద మొదటి చినుకు పడినట్టు కొంత, పాత గోనెసంచి విప్పినట్టు కొంత. మొన్న ఎమ్మిగనూరులో మా తమ్ముడి మనవరాలి బడి వార్షికోత్సవానికి వెళ్ళాను. దుమ్ము లేవకుండా వేదిక ముందు పొడవాటి పీచు చాప పరిచి నీళ్ళు చల్లారు. ఎండకు ఆ వాసన పైకి లేచింది. ఉపన్యాసాలు మొదలయ్యాయి గానీ నాకు ఒక్క మాటా చెవికెక్కలేదు. "ఏమవ్వా, ఎండ దెబ్బ తగిలిందా?" అని మనవరాలు అడిగింది. లేదన్నాను. నా కళ్ళ ముందు ఆదోనిలోని ఒక మైదానం ఉంది. దాని నడుమ మోకాళ్ళ మీద కూర్చుని, తడి చాప అంచులకు మేకులు కొడుతున్న ఒక పొడవాటి మనిషి ఉన్నారు.

ఆయన పేరు జయతీర్థరావు. వృత్తికి వకీలు. యాభైల్లో కొన్నేళ్ళు ఆదోని పట్టణానికి చైర్మన్. అంతకు ముందు మద్రాసులో చదువుకునేటప్పుడు కాలేజీ జట్టుకూ, తర్వాత బళ్ళారి జిల్లా జట్టుకూ ఆడిన క్రికెట్ ఆటగాడు. ఒకసారి మద్రాసు రాష్ట్రం జట్టులో కూడా ఆడారని ఊళ్ళో చెప్పుకునేవారు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే ఆయన, "పోయినా, కొట్టించుకున్నా, వచ్చినా" అని ముగించేవారు. ఆదోనిలో ఇప్పుడు ఏ వీధికీ ఆయన పేరు లేదు. ఉండాలని నేను అనుకోను కూడా. ఆయన చేసిన పనుల్లో జనం గుర్తు పెట్టుకున్న పని ఒక్కటే, అదీ నవ్వడానికే. కానీ నేను దగ్గర నుంచి చూసిన మొదటి రాజకీయ నాయకుడు ఆయన. నేను నలుగురిలో నోరు తెరవడం నేర్చుకున్నది ఆయన వల్ల. ఎక్కడ నోరు మూసుకుపోతుందో తెలుసుకున్నదీ ఆయన వల్లనే.

మా నాయన ఎమ్మిగనూరు చుట్టుపక్కల చేలల్లో కూలి. మిషన్ బడి పుణ్యమా అని నేను చదువుకుని, టీచరు ట్రైనింగు ముగించి, ఆదోనిలో ఆడపిల్లల బడిలో ఉద్యోగంలో చేరాను. ఆదోని బళ్ళారి నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్త. బడి వరండా ముందు రోడ్డు, రోడ్డు దాటితే మైదానం. నా తరగతి పిల్లల్లో ఎక్కువ మంది పత్తి మిల్లుల వెనక కూలీల పేట నుంచి వచ్చేవారు. ఎండాకాలం మొదలయ్యేసరికి వాళ్ళు బడికి ఆలస్యంగా రావడం, వచ్చినా కునికిపాట్లు పడడం మొదలైంది. కారణం నేను అడగనక్కర లేదు. ఊరి బావుల్లో వాళ్ళు చేద వేయకూడదు. ఎవరో ఒక ఇల్లాలు తన పని ముగించుకుని, మనసు కలిగితే, తోడి పైనుంచి వాళ్ళ కడవలో పోయాలి. అందాకా గట్టుకు దూరంగా నిలబడి ఉండాలి. నేనూ అలా నిలబడి పెరిగినదాన్నే.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ మైదానం పక్కన ఆగాను. తెల్ల ప్యాంటు వేసుకున్న ఒక పెద్దమనిషి బిందెతో నీళ్ళు తెచ్చి నేల మీద పరిచిన పీచు చాప మీద పోస్తున్నాడు. ఆ రోజుల్లో మా వైపు క్రికెట్ చాప మీదే ఆడేవారు. తడిపి బిగించి మేకులు కొడితేగాని బంతి సరిగ్గా లేవదట. నాకు అప్పుడు ఆ సంగతి తెలియదు. తెలిసినా నా నోరు ఆగేది కాదు.

"ఏమప్పా, తాగేదానికి నీళ్ళు లేక బిడ్డలు ఏడుస్తాంటే, నువ్వు చాపకు పోస్తాండావా?" అన్నాను.

ఆయన తల ఎత్తి చూశారు. "ఇవి తాగే నీళ్ళు కావమ్మా. ఇంట్లో బట్టలు జాడించిన నీళ్ళు. మావాళ్ళు తిడతాంటే ఎత్తుకొచ్చినా."

"అవి కూడా లేనోళ్ళు ఉండారు."

చుట్టూ ఉన్న ఆటగాళ్ళు నవ్వారు. ఒకడు, "టీచరమ్మా, చైర్మన్ సారుతో మాట్లాడతాండావు, చూసుకో" అన్నాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన మాత్రం బిందెలో మిగిలిన నీళ్ళ వైపు చూసి, "జాడించిన నీళ్ళు కూడా నీళ్ళే" అని దాన్ని పక్కన పెట్టారు. ఆ పూట సగం తడిసిన చాప మీదే ఆడారు.

మరునాడు ఆయన బడికి వచ్చారు. హెడ్మాస్టరు కుర్చీ వేయబోతే వద్దని వరండా అరుగు మీద కూర్చున్నారు. పిల్లలు ఎందుకు ఆలస్యంగా వస్తారో చెప్పమన్నారు. చెప్పాను. చెప్తున్నంతసేపూ ఆయన మైదానం వైపే చూస్తున్నారు. నేను ముగించాక సంబంధం లేనట్టు వేరే మాట ఎత్తారు.

"మా బళ్ళారి జట్టులో ఎల్లప్ప అని ఒక ఫాస్ట్ బౌలర్ ఉండేవాడు. రైల్వేలో బొగ్గు మోసేటోని కొడుకు. ఒక పక్క నుంచి అతను, ఇంకో పక్క నుంచి నేను. ఇద్దరిదీ ఒకటే బంతి. అతని చెమటా దాని మీదనే, నా చెమటా దాని మీదనే. టీ వేళకు మాత్రం అతను గోడ అవతల నిలబడి చిప్పలో పోయించుకునేవాడు."

"మీరేమన్నారు సార్?"

"ఏమీ అనలేదు" అన్నారు. లేచి పంచె దులుపుకున్నారు. "ఈ ఊర్లో ఏ వీధివాళ్ళదీ కాని జాగా ఆ మైదానం ఒక్కటే, టీచరమ్మా."

ఆ మాటకు అర్థం నాకు కొన్ని వారాల తర్వాత తెలిసింది. కొత్త బావి ఎక్కడ తవ్వాలని ఇంజనీరు ఊరంతా తిరిగి చూశాడు. మైదానమే పల్లపు నేల అన్నాడు. అందులోనూ నట్టనడుమ, సరిగ్గా క్రికెట్ చాప పరిచే చోట తవ్వితే నీళ్ళు పడతాయన్నాడు. చైర్మన్ ఒప్పుకున్నారు. ఊరు రెండుగా చీలింది. కౌన్సిల్ సభ్యుల్లో చాలామంది ఆయనతో ఆ చాప మీదే ఆడినవాళ్ళు. వాళ్ళకు పెద్ద గిరిమల్లప్ప, పత్తి మిల్లు యజమాని. బళ్ళారి జట్టులో మొదటి బ్యాటింగ్ ఆయనది. బంతిని మెల్లగా తిప్పి వేసే జయతీర్థరావు, దాన్ని బలంగా బాదే గిరిమల్లప్ప. కుర్రతనం నుంచి ఇద్దరూ ఒకే బండిలో మ్యాచ్‌లకు వెళ్ళినవాళ్ళు. కౌన్సిల్లో జయతీర్థరావుగారిని చైర్మన్‌గా నిలబెట్టింది కూడా గిరిమల్లప్పే.

కౌన్సిల్ సమావేశానికి నన్ను వచ్చి మాట్లాడమన్నారు జయతీర్థరావుగారు. ఏం మాట్లాడాలో చెప్తానని ముందురోజు సాయంత్రం ఇంటికి పిలిచారు. వెళ్ళాను. ఆయన వసారాలో కూర్చుని నేను చెప్పేది విన్నారు, అక్కడక్కడ సరిదిద్దారు. మాట్లాడి మాట్లాడి నా గొంతు ఎండిపోయింది. నీళ్ళు అడిగాను. ఆయన తల్లిగారు లోపలి నుంచి చెంబుతో వచ్చారు. మడి చీర కట్టుకున్న పెద్దావిడ. ముఖంలో కోపం గానీ చీదరింపు గానీ లేవు. "దోసిలి పట్టమ్మా, ఎండన పడి వచ్చినావు" అని, చెంబు బాగా పైకెత్తి, ఒక్క చుక్క కూడా తన వైపు చిందకుండా నా దోసిట్లో పోశారు. జయతీర్థరావుగారు గడప దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన నేల వైపు చూశారు. ఏమీ అనలేదు. నేను తాగాను. దాహం వేసింది, తాగాను. ఇంటికి వెళ్తూ దారిలో ఎల్లప్ప గుర్తుకొచ్చాడు.

మరునాడు కౌన్సిల్ హాల్లో నేను లేచి నిలబడ్డాను. నాలుగు మాటలు మాట్లాడేసరికి ఎవరో, "బడి చెప్పుకోక ఈడికెందుకొచ్చినావమ్మా?" అన్నారు. హాలంతా నవ్వారు. మిగిలిన మాటలు నోట్లోనే ఉండిపోయాయి. కూర్చున్నాను. తర్వాత గిరిమల్లప్ప లేచారు. "నీళ్ళు కావల్ల, కాదనను. ఊరు పెద్దది, యాడైనా తవ్వు. పిల్లోళ్ళు ఆడుకునే జాగా ఒకటే ఉండాది. అది పోతే మళ్ళా రాదు" అన్నారు. ఆ మాటలోనూ న్యాయం ఉందని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. ఓట్లు సరిసమానంగా వచ్చాయి. చైర్మన్ తన ఓటు బావికి వేశారు. హాల్లో గోల లేచింది.

నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆయన వచ్చి కొంచెం దూరంలో నిలబడ్డారు.

"నవ్వినారని ఏడుస్తాండావా?"

"నేను మాట్లాడలేక పోయినా సార్."

"ఇంకోతూరి మాట్లాడతావులే. నేను స్లో బౌలర్‌ని గదమ్మా, నా పనే కొట్టించుకోవడం. మద్రాసులో మొదటి ఓవర్లోనే నా బంతిని గోడ దాటించినారు. కెప్టెన్ దగ్గరికొచ్చి, ఇంకో ఓవర్ వేస్తావా అన్నాడు. వేస్తానన్నా. ఎంత దూరం కొట్టినా బంతి మళ్ళా నా చేతికే గదా రావల్ల."

ఆ మాట నన్ను అప్పుడు ఓదార్చలేదు. ఆయనకు అన్నీ ఆటలాగే ఉంటాయి కాబోలు అనుకున్నాను. ఆయనకూ అది ఆట కాదని తవ్వకం మొదలయ్యే రోజు పొద్దున చూశాను. బడికి తొందరగా వచ్చి వరండాలో నిలబడి ఉన్నాను. ఆయన ఒక్కరే మైదానంలో చాప మేకులు పీకుతున్నారు. కాసేపటికి గిరిమల్లప్ప కారు వచ్చి ఆగింది. అంత పొద్దున్నే ఊరు నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి రోడ్డు ఇవతలికి వాళ్ళ మాటలు వినిపించాయి.

"జయతీర్థా, ఇది మనం పరిచిన చాప. ఈడ గుంత తీసేకి నీకు చేతులెట్లొస్తాయప్పా?"

"రావడం లేదు. అందుకే కూలోళ్ళు రాకముందే చుట్టేద్దామని వచ్చినా."

ఆయన చాపను ఒక కొస నుంచి చుట్టడం మొదలుపెట్టారు. అది ఒక మనిషి చుట్టగలిగేది కాదు. పక్కకు ఒరిగిపోతోంది. గిరిమల్లప్ప కొంచెంసేపు చూస్తూ నిలబడి, చెప్పులు విడిచి, వంగి రెండో పక్క పట్టుకున్నారు. ఇద్దరూ మాట్లాడకుండా చివరిదాకా చుట్టారు. తాళ్ళు కట్టాక గిరిమల్లప్ప నడుం నిలబెట్టి, "ఎలక్షన్లో చూస్తా నిన్ను" అన్నారు. "చూడప్పా" అన్నారు ఈయన. కారు వెళ్ళిపోయింది.

మట్టి కొంత దూరమే వచ్చింది, తర్వాత అంతా రాయి. మందు పెట్టి పేల్చేవారు. పేల్చినప్పుడల్లా నా పిల్లలు చెవులు మూసుకుని బల్లల కింద దూరి నవ్వేవారు. ఎండలు ముదిరాయి. చివరికి ఒక మధ్యాహ్నం నీళ్ళు పడ్డాయని కేక వినిపించింది. బడి వదిలేశాం. ఊరంతా మైదానంలోకి వచ్చింది. మిల్లు కూలీలు, అంగళ్ళవాళ్ళు, కడవలు పట్టుకున్న ఆడవాళ్ళు. టెంకాయ కొట్టారు. మొదటి చేద పైకి తెచ్చి చైర్మన్ చేతికిచ్చారు. ఆయన దోసిలి పట్టి తాగారు.

నేను ఆయనకు దగ్గరలోనే ఉన్నాను. నోట్లోని నీళ్ళు ఆయన ఉమ్మలేదు. మింగారు. రెండో గుక్క కూడా తాగారు, మొదటిది నమ్మలేనట్టు. తర్వాత గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పారు.

"ఉప్పగా ఉండాయి. తాగేదానికి పనికిరావు."

అంత జనంలో వెనక నుంచి ఎవరో అరిచారు. "ఎవడు చెప్పినాడు ఈడ తవ్వమని?"

ఇంజనీరు ఆయన పక్కనే ఉన్నాడు. చిన్న వయసువాడు. చైర్మన్ అతని వైపు తిరిగి చూడను కూడా చూడలేదు.

"నేను చెప్పినా" అన్నారు.

జనం కడవలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. కొందరు వెళ్తూ వెళ్తూ కాండ్రించి ఉమ్మారు. ఆ సాయంత్రం నేను ఆయన్ను అడిగాను, "ఇంజనీరు గదా సార్ చెప్పింది?" అని. "అతను చెప్పినాడు. విని, ఓటేసింది నేను. క్యాచ్ వదిలినోణ్ణి నడి మైదానంలో తిట్టే కెప్టెన్ కింద నేనూ ఆడినానమ్మా. ఆ తర్వాత ఆ పిల్లోడు ఒక్క క్యాచ్ కూడా పట్టలేదు" అన్నారు.

ఆ తర్వాత జరిగింది ఆయన అనుకున్నది కాదు, ఎవరూ అనుకున్నదీ కాదు. నీళ్ళు ఉప్పగా ఉన్నాయి కాబట్టి వీధుల్లోని ఇళ్ళవాళ్ళెవరూ ఆ బావి మొహం చూడలేదు. అది ఎవరికీ అక్కరలేని బావి అయింది. కాబట్టి కూలీల పేట ఆడవాళ్ళు అక్కడికి రావడం మొదలుపెట్టారు. బట్టలకు, స్నానాలకు, గిన్నెలు తోముకోవడానికి. మొదటి రోజు ఒక ముసలామె గట్టు దాకా వచ్చి, కడవ కింద పెట్టి నిలబడింది. ఎవరైనా వచ్చి పోస్తారని చుట్టూ చూసింది. ఎవరూ లేరు. చాలాసేపటికి తానే చేదను లోపలికి వదిలింది. తాడు చేతుల్లో జారుతుంటే భయంతో కేక పెట్టింది. తాడు పట్టడం ఆమెకు అలవాటు లేదు. బడి వరండా నుంచి ఇదంతా చూస్తూ, పాఠం మధ్యలో ఆపి నేను చాలాసేపు అలాగే నిలబడిపోయాను. తాగే నీళ్ళకు వాళ్ళు ఇంకా పాత బావుల దగ్గర నిలబడాల్సిందే. అయినా ఒక్క కడవకు నిలబడటం వేరు, ఇంటి వాడకానికంతా నిలబడటం వేరు. నా పిల్లలు వేళకు రావడం మొదలుపెట్టారు.

ఎన్నికలు వచ్చాయి. గిరిమల్లప్ప వర్గంవాళ్ళు గంపల్లో ఉప్పు పోసుకుని ఊరేగింపు తీశారు. ఇంటింటికీ ఆగి, "చైర్మన్ గారి బావి ప్రసాదం" అని చిటికెడు ఉప్పు పంచారు. జనం పడి పడి నవ్వారు. నేనూ ఒకచోట నవ్వాపుకోలేకపోయాను. ఊరేగింపు జయతీర్థరావుగారి ఇంటి ముందు ఆగి డప్పులు ఇంకా గట్టిగా కొట్టింది. ఆయన బయటికి వచ్చి చెయ్యి చాచారు. గంప పట్టుకున్నవాడు తికమకపడి పిడికెడు పోశాడు. "పప్పులోకి సరిపోతాది" అని ఆయన లోపలికి తీసుకుపోయారు. ఇక ఏం చేయాలో తెలియక ఊరేగింపు కాసేపు అక్కడే నిలబడి కదిలింది. ఆ పని వల్ల ఆయనకు ఒక్క ఓటు కూడా పెరగలేదు. సొంత వార్డులోనే ఓడిపోయారు. గిరిమల్లప్ప చైర్మన్ అయ్యారు.

కొత్త కౌన్సిల్ ముందుకు వచ్చిన మొదటి సంగతుల్లో బావి పూడ్చి మైదానం బాగుచేయడం ఒకటి. ఈసారి నన్ను ఎవరూ పిలవలేదు. నేనే వెళ్ళాను. జయతీర్థరావుగారు అప్పటికే జనం కూర్చునే వెనక బెంచీ మీద ఉన్నారు. పక్కన కూర్చున్నాను. "నువ్వు మాట్లాడతావా, నన్ను మాట్లాడమంటావా?" అన్నారు. "నేనే మాట్లాడతా" అన్నాను.

లేచి అనుమతి అడిగాను. ఎవరో మళ్ళీ బడి మాట ఎత్తారు. మళ్ళీ నవ్వారు. నవ్వు అయిపోయేదాకా నిలబడ్డాను. అది అయిపోతుందని నాకు అంతకు ముందు తెలియదు. ఎంత పెద్ద నవ్వైనా కొంతసేపటికి ఆగిపోతుంది, నిలబడి ఉండగలిగితే.

"సార్, అవి ఉప్పు నీళ్ళే. ఆ నీళ్ళకు పప్పు కూడా ఉడకదు" అన్నాను. "అయితే ఆడ ఎవరూ ఎవరికీ పైనుంచి పోయడం లేదు. ఎవరి చేద వాళ్ళు వేసుకుంటాండారు. ఈ ఊర్లో అట్లాంటి బావి ఇంకొకటి చూపించండి. దీన్ని మేమే మట్టి మోసి పూడుస్తాం."

పైనుంచి పోయడం అన్నప్పుడు నా పక్కనున్న మనిషి తల కొంచెం వంగింది. నేను కావాలని అన్నానో లేదో నాకే తెలియదు.

గిరిమల్లప్ప నా వైపు, తర్వాత ఆయన వైపు చూశారు. "జయతీర్థా, ఈ మాటలు నువ్వు నేర్పినవేనా?"

"నేను నేర్పింటే ఇంత కురచగా ఉంటాయాప్పా? నేను వకీలును గదా."

గిరిమల్లప్ప నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయారు. "బావి ఉండనీ. చాప పక్కకు జరిపి పరుస్తాం" అన్నారు. చుట్టూ గట్టు కట్టించింది కూడా ఆయనే. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆదోనిలో క్రికెట్ ఆడినవాళ్ళ బంతులు ఆ బావిలో పడుతుండేవని, పడినప్పుడల్లా ఎవరో ఒక ముసలాడు జయతీర్థరావుగారి పేరు చెప్పి తిట్టేవాడని విన్నాను. కుళాయిలు వచ్చాక దాన్ని పూడ్చేశారు. అప్పుడు ఎవరూ అడ్డం చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు.

యాభైల చివరలో నాకు సొంత ఊరు ఎమ్మిగనూరుకు బదిలీ అయింది. ఒకరోజు ఆయన ఏదో దావా పని మీద బస్సులో వచ్చి, నన్ను వెతుక్కుంటూ బడికి వచ్చారు. మనిషి బాగా చిక్కిపోయారు. వకీలు పని కూడా తగ్గిందని తెలుస్తూనే ఉంది. పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని అడిగాను. ఆయన చెప్పకుండా, వాళ్ళనే ఏదైనా అడగమన్నారు. మగ్గాల వీధి పిల్ల ఒకతె లేచి, "మీరు ఎలక్షన్లో ఓడిపోయినారంట గదా?" అంది. నేను దాన్ని కూర్చోమనబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "ఓడిపోయినా తల్లీ. ఆటలో అంతకన్నా ఎక్కువ తూర్లు ఓడిపోయినా" అన్నారు. "మరి ఎందుకు ఆడినారు?" అంది. ఆయన ఆలోచించి, "గెలిచినప్పుడు బాగుండేది" అన్నారు. పిల్లలందరూ నవ్వారు. అంతకంటే నిజాయితీగల జవాబు ఏ నాయకుడి నోటా నేను వినలేదు.

పిల్లలు వెళ్ళాక ఇద్దరం వరండాలో కూర్చున్నాం. ఆయన తల్లిగారు పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. నేను కావాలని అడగలేదు, నోటికి వచ్చేసింది.

"ఆ రోజు మీ ఇంట్లో పెద్దమ్మగారు నాకు నీళ్ళు పోస్తాంటే మీరు చూసినారు గదా సార్. ఎందుకు మాట్లాడలేదు?"

ఏ రోజని ఆయన అడగలేదు.

"నోరు రాలేదమ్మా" అన్నారు. "ఊరి ముందర మాట్లాడేది సులభం. తిట్టేవాళ్ళుంటారు, పొగిడేవాళ్ళుంటారు. అమ్మ ముందర ఎవరుంటారు? ఎల్లప్ప అప్పుడూ అంతే, అమ్మ అప్పుడూ అంతే. బావి తవ్వించినా. ఆ చెంబు మాత్రం కిందికి దించలేకపోయినా."

క్షమించమని ఆయన అడగలేదు. ఫరవాలేదని నేనూ అనలేదు. బస్సు వేళయింది, లేచారు. ఆయన్ను చూడటం అదే ఆఖరు. కొన్నేళ్ళకు పోయారని ఎవరో చెప్పగా విన్నాను.

ఆయన నాకు నేర్పింది ధైర్యం అని చాలాకాలం అనుకున్నాను. హెడ్మిస్ట్రెస్‌నై, సభల్లో మాట్లాడి, నవ్వులు ఆగేదాకా నిలబడి, ఆ ధైర్యాన్ని బాగానే వాడుకున్నాను. మా పెద్దబ్బాయి పెళ్ళి మాట వచ్చినప్పుడు తెలిసింది, ఆయన నాకు అంతకంటే బరువైనది ఇచ్చి వెళ్ళారని. వాడు కోరుకున్న పిల్ల మా చర్చి పిల్లే. ప్రతి ఆదివారం ఒకే బెంచీ మీద కూర్చుంటాం, ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగుతాం. అయినా మాకంటే ఒక మెట్టు కిందని మావాళ్ళు అనుకునే ఇల్లు వాళ్ళది. మా అత్త పొయ్యి దగ్గర కూర్చుని, తల ఎత్తకుండా, "ఆ ఇంటి పిల్ల నా వంటింట్లోకి రాదు" అంది. అప్పటికి కులం గురించి ఎన్ని వేదికల మీద మాట్లాడానో. ఆ వంటింట్లో మాత్రం నా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. తినే కంచం తీసుకుని బయటికి వచ్చేశాను. ఆ రాత్రంతా మనసులో ఒక ముఖం కదిలింది, గడప దగ్గర నేల చూస్తూ నిలబడిన పొడవాటి మనిషి ముఖం. ఆయన మీద కోపం రాలేదు. ఆయన అక్కడ ఎందుకు ఆగిపోయారో అప్పుడే నాకు పూర్తిగా అర్థమైంది.

పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళాను. మా అత్త పొయ్యి అంటిస్తోంది. పక్కన కూర్చున్నాను.

"అత్తా, ఆ పిల్ల ఈ ఇంటికి వస్తాది. ఈ పొయ్యి కాడ నా పక్కన కూర్చుని వండతాది. నువ్వు తిన్నా తినకున్నా" అన్నాను.

అక్కడ నవ్వేవాళ్ళు లేరు, చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు. మా అత్త నా వైపు ఒకసారి చూసి పుల్లలు ఎగదోసింది. పెళ్ళి జరిగింది. ఆమె నాతో మాట్లాడటానికి చాలా నెలలు పట్టింది. పోయేదాకా ఆ మాట మరిచిపోలేదు. నేనూ వెనక్కి తీసుకోలేదు. ఇప్పటికీ ఎవరైనా నన్ను సభలో మాట్లాడమని పిలిస్తే, అక్కడ చెప్పబోయే మాట మా ఇంట్లో అన్నానా అని ముందు నన్ను నేను అడుగుతాను. అనకపోయి ఉంటే రానని చెప్తాను.